ఫుటేజ్ ఇంపోర్ట్ చేసే ముందు ఇవి చూసుకోండి

పెళ్లి ఫుటేజ్ మొత్తం కార్డ్ రీడర్ నుంచే నేరుగా లాగేస్తే ప్రీమియర్, డావిన్చీ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ.

- ముందు కార్డులోని ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయండి. వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకోవద్దు, కొన్ని కెమెరాలు పొడవైన షాట్‌ను 4 జీబీ ముక్కలుగా రాస్తాయి, వాటిని కలిపే వివరాలు పక్క ఫైళ్లలో ఉండొచ్చు.
- అసలు తలనొప్పి ఫోన్ క్లిప్పులతోనే. వాటిలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, పైగా ఐఫోన్‌లో 'హై ఎఫిషియెన్సీ' పెట్టి తీస్తే అది హెచ్‌ఈవీసీ (వీడియోను బాగా కుదించే ఫార్మాట్), దాన్ని విప్పలేక పాత ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. వీడియోలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని, తేలిగ్గా ఆడే హెచ్.264 ఫార్మాట్‌లోకి మార్చి తెచ్చుకోండి. నాణ్యత కాస్త తగ్గుతుంది కాబట్టి ఒరిజినల్ దాచుకోండి.
- సీ డ్రైవ్ నిండిందా? మీడియా క్యాష్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే తాత్కాలిక ఫైళ్లు) పేరుకునేది సాధారణంగా అక్కడే, ఆ క్యాష్‌ను ఖాళీ చేయండి.
- గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ మంచిదే. రేపే డెలివరీ అయితే మాత్రం ఇవాళ దాని జోలికి పోకండి!
- క్లిప్పులు సగం సగంగా తెచ్చుకోండి. ఏ సగం దగ్గర ఆగిందో దాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే చెడిన ఫైల్ దొరికిపోతుంది.
- 'నాట్ రెస్పాండింగ్' కనబడగానే టెన్షన్ పడి మూసేయకండి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అంకె కదులుతుంటే ఇంకాసేపు ఆగండి.
- రెండో కాపీ తీసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.