దవడ కీలు నొప్పి: ఆపరేషన్ దాకా వెళ్లకముందు

చెవికి సరిగ్గా ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే కదిలేదే దవడ కీలు. అక్కడ టక్కుమనే శబ్దం మాత్రమే ఉండి, నొప్పి గానీ పట్టేయడం గానీ లేకపోతే సాధారణంగా చికిత్స అవసరం లేదు. నొప్పి ఉన్నవారిలో కూడా చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

ముందుగా కీలుకు విశ్రాంతినివ్వాలి. కొన్ని వారాలు జంతికలు, చెరకు ముక్కలు, వక్కపొడి, చూయింగ్ గమ్ మానేసి, మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, పెరుగన్నం తినాలి. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించి, నోరు మరీ తెరుచుకోకుండా ఆపాలి. గోరువెచ్చని తడిగుడ్డతో పది, పదిహేను నిమిషాలు కాపడం పెడితే బిగిసిన కండరాలు సడలుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది, పగటిపూట తెలియకుండానే పళ్లు బిగించే అలవాటు. పెదవులు కలిసి, పళ్లు విడిగా, నాలుక కొన పై ముందు పళ్ల వెనుక ఆని ఉండటమే దవడకు సహజమైన విశ్రాంతి స్థితి. ఫోన్ చూసే ప్రతిసారీ దాన్ని సరిచూసుకోవాలి. నిద్రలో పళ్లు కొరికేవారికి దంతవైద్యులు కొలతలు తీసుకుని నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) చేసిస్తారు. ఫిజియోథెరపీ వ్యాయామాలు కూడా మేలు చేస్తాయి. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. పైపళ్లు, కిందిపళ్లు సరిగ్గా కలవడానికంటూ మొదట్లోనే పళ్లను అరగదీయించుకోవడానికి ఒప్పుకోకండి. అరిగిన పన్ను తిరిగి రాదు.

నోరు పట్టేసినా, జ్వరంతో వాపు వచ్చినా వెంటనే వైద్యుణ్ణి కలవాలి. దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.