చలికాలంలో ట్రాక్టర్‌కు తుప్పు: ఎంత కడిగినా ఒక్క చక్రమే ఎందుకు పాడవుతోంది?

మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగే ట్రాక్టర్‌కు తుప్పు పడుతోందని నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఏ స్ప్రే కొట్టాలి, ఏ పెయింట్ వేయాలి అని. నేను తిరిగి అడిగేది ఒక్కటే: బండి అడుగు కడిగారా? బానెట్, మడ్‌గార్డులు తళతళలాడుతుంటాయి. కింద పడుకుని చూస్తే ఇరుసు మీద, ఛాసిస్ మూలల్లో, మెట్టు వెనకాల బురద, ఉప్పు కలిసి గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఇనుమును తినేది ఆ ముద్దే. దాన్ని అలాగే ఉంచి పైన ఏం పూసినా డబ్బు దండగ.

సమస్య: కడిగిన వారానికే మళ్లీ ఎర్రబడుతోంది

ముందు కడిగే తీరు చూసుకోండి. సోడా పొడి కలిపిన నీళ్లతో కడిగితే ఉప్పు విరిగిపోతుందని చాలామంది నమ్ముతారు. ఉప్పు ఆమ్లం కాదు, సోడాతో విరగడానికి. అది పోవాలంటే ధారాళంగా మంచినీళ్లు పారాలి, అంతే. ప్రెషర్ వాషర్ వాడితే బేరింగులకు, ఆయిల్ సీళ్లకు, వైర్ల కనెక్టర్లకు నేరుగా గురిపెట్టొద్దు. లోపలికి పోకూడని ఉప్పునీళ్లను మీరే నెట్టినట్టవుతుంది. కడగడం అయ్యాక గ్రీజు నిపుళ్లన్నింటికీ గన్ పెట్టి, పాత గ్రీజు, నీళ్లు బయటికి వచ్చి కొత్త గ్రీజు కనబడేదాకా కొట్టండి.

రెండోది షెడ్డు. పని నుంచి వచ్చిన బండిని కడగకుండా వెచ్చని షెడ్డులో పెడితే, బయట చలిలో వదిలేసినదాని కన్నా త్వరగా తుప్పు పడుతుంది. వేడి పెరిగేకొద్దీ తుప్పు వేగం పెరుగుతుంది. పైగా మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, తనంతట తానే తడిసిపోతుంది. రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్‌కు, కాల్షియం క్లోరైడ్‌కు అయితే 30 శాతం చిల్లర తేమ సరిపోతుంది. బండి ఆరిపోయిందని మీరనుకుంటారు, అది ఆరదు. కడిగి, నీళ్లు ఓడ్చి, అప్పుడు లోపల పెట్టండి.

వాడేసిన ఇంజనాయిల్ పూయడం మాత్రం మానండి. రబ్బరు పాడవుతుంది, నేల మీద కారుతుంది, అందులో ఆమ్లాలు కూడా ఉంటాయి. మైనం లేదా లానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) ఆధారంగా చేసిన రస్ట్ స్ప్రే, శుభ్రంగా ఆరిన ఇనుము మీద, చలికాలం మొదలవకముందే కొట్టాలి.

సమస్య: సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, లైట్లు మసకబారుతున్నాయి

కొత్త బ్యాటరీ కొనే ముందు ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చే తీగ) ఛాసిస్‌కు బిగించిన బోల్టు విప్పండి. పైకి గట్టిగానే ఉంటుంది. విప్పితే లగ్ (కేబుల్ కొనకు ఉండే లోహపు రింగు) కింద తెల్లగానో పచ్చగానో చిలుము కనబడుతుంది. మల్టీమీటర్ ఉంటే విప్పకుండానే తేలుతుంది: ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారిలోనే లోపం. మెరిసే లోహం వచ్చేదాకా వైర్ బ్రష్‌తో గీకి, బిగించి, పైన గ్రీజు పూయండి.

సమస్య: ఒక్క చక్రం రిమ్ మాత్రమే తుప్పు పడుతోంది, పెయింట్ వేసినా ఆగడం లేదు

చాలామందిని ఏళ్ల తరబడి తిప్పలు పెట్టేది ఇదే. నా దగ్గరికి వచ్చే రిమ్ముల్లో మార్చడం తప్ప దారి లేని స్థితిలో ఉన్నవి దాదాపు అన్నీ ఇలా పోయినవే. వాల్వ్ రంధ్రం చుట్టూ పెయింట్ బుడగల్లా లేస్తుంది, తెల్లటి పొర కడుతుంది, కిందికి ఎర్రటి చార దిగుతుంది. చలికాలం కాబట్టి అందరూ రోడ్డు ఉప్పే అనుకుంటారు. గీకుతారు, రెడ్ ఆక్సైడ్ కొట్టి రంగు వేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే చార.

రోడ్డు ఉప్పు అయితే నాలుగు చక్రాల మీదా పడుతుంది కదా? ఒక్క చక్రమే, అదీ వాల్వ్ దగ్గరే తుప్పు మొదలైందంటే ఉప్పు రోడ్డు నుంచి రావడం లేదు, టైరు లోపలి నుంచి వస్తోంది.

బరువు పెంచి నేల మీద పట్టు తెచ్చుకోవడం కోసం వెనక టైర్లలో నీళ్లు నింపే సంగతి మీకు తెలిసిందే. చలి దేశాల్లో ఉత్త నీళ్లు గడ్డకడతాయని వాటిలో కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. దాదాపు 30 శాతం కలిపితే సున్నాకు 40 డిగ్రీలు దిగువకు పోయినా గడ్డకట్టదు, లీటరు 1.3 కిలోల దాకా తూగుతుంది. బరువుకు ఇంతకన్నా చవకైన మార్గం లేదు, అందుకే పాత ట్రాక్టర్లలో ఇది చాలా కనిపిస్తుంది. ట్యూబు బాగున్నంతకాలం ఇబ్బంది లేదు. వాల్వ్ పిన్ను కాస్త వదులైనా, ట్యూబుకు సూదిమొనంత చిల్లు పడినా ఆ ద్రావణం ట్యూబుకూ రిమ్ముకూ మధ్య చేరుతుంది. ఇక ఆరదు. గాలిలోని తేమను పీల్చుకుంటూ వేసవిలో కూడా తడిగానే ఉంటుంది. బయట మీకు చార కనిపించే సరికి లోపల రిమ్ సగం పొరలుగా లేచిపోయి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకైతే టైరులో ఏముందో కూడా తెలియదు.

తేల్చుకోవడం తేలిక. వాల్వ్ అట్టడుగుకు వచ్చేలా చక్రం తిప్పి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, పక్కకు నిలబడి పిన్ను కొద్దిగా నొక్కండి. గాలే వస్తే టైరులో ద్రవం లేదు. ద్రవం వస్తే ఒక బొట్టు గాజు ముక్క మీద వేసి రాత్రంతా వదిలేయండి. ఉత్త నీళ్లయితే తెల్లారేసరికి ఆరిపోతాయి. కాల్షియం క్లోరైడ్ అయితే బొట్టు బొట్టులాగే ఉంటుంది. వేళ్ల మధ్య నూనెలా జారితే అది యాంటీఫ్రీజ్ (నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ద్రవం), బెల్లం పాకం రంగులో ఉంటే బరువు కోసమే నింపే బీట్ దుంప రసం. ఈ రెండూ రిమ్మును ఇలా తినవు.

కాల్షియం క్లోరైడే అని తేలితే బయట గీకడం ఆపేయండి. చక్రం దింపాల్సిందే. నిండు టైరులో కొన్ని వందల లీటర్లు ఉండొచ్చు, దాన్ని అలాగే విప్పితే మీద పడి మనిషి ప్రాణానికే ముప్పు. మిగతా చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టాక, వాల్వ్ అడుగున ఉంచి ద్రావణాన్ని ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి దించండి. నేల మీద పోస్తే అక్కడ మొక్కలు చచ్చిపోతాయి. టైరు ఊడదీసే పని పరికరాలున్న టైర్ల మెకానిక్‌కే ఇవ్వండి.

టైరు ఊడి వచ్చాక రిమ్మును, టైరు లోపలి భాగాన్ని మంచినీళ్లతో పదేపదే కడగాలి. తర్వాత సుత్తితో రిమ్ చుట్టూ తట్టుకుంటూ పొండి. ఖంగుమంటే ఇనుము ఉంది. మొద్దుగా మోగినచోట స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి, దిగబడితే రిమ్ మార్చాలి. చిల్లు వాల్వ్ రంధ్రం దగ్గరే ఉంటే మంచి వెల్డర్ పట్టీ వేయగలడు, కానీ టైరు పూర్తిగా బయటికి తీశాకే. టైరు ఉండగా, అందులో గాలి తీసేసినా సరే, రిమ్ మీద వెల్డింగ్ పెట్టనివ్వొద్దు. వేడికి లోపల రబ్బరు నుంచి వాయువులు పుట్టి టైరు పేలుతుంది, మనుషులు చనిపోయారు.

బాగున్న రిమ్మును లోహం కనబడేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్, పెయింట్ వేసి, పూర్తిగా ఆరాక కొత్త ట్యూబు వేయించండి. పాత ట్యూబుకు అతుకేసి మళ్లీ అదే ద్రావణం నింపితే ఈ ఖర్చంతా వృథా. నన్నడిగితే ఇనుప వీల్ వెయిట్లు పెట్టుకోవడం మేలు. బరువుకు ద్రవమే కావాలంటే బీట్ రసమో, ప్రొపిలీన్ గ్లైకాల్ (ఒక రకం యాంటీఫ్రీజ్) కలిపిన నీళ్లో నింపించండి.

మిగతావి

హైడ్రాలిక్ రాడ్ల మీద మచ్చలు పడుతుంటే, బండి ఆపేటప్పుడు రాడ్లు సిలిండర్ లోపలికి వెళ్లేలా ఆపండి. బయట మిగిలిన భాగాన్ని తుడిచి గ్రీజు పూయండి. ఇనుప హైడ్రాలిక్ పైపు కారితే క్లిప్పు వెనకాల చూడండి, ఉప్పు నిలిచేది అక్కడే. పీటీవో షాఫ్ట్ (ఇంజన్ శక్తిని పనిముట్లకు అందించే ఇరుసు) గొట్టాలు ఒకదాంట్లో ఒకటి జరగకపోతే విడదీసి, తుడిచి, గ్రీజు పెట్టండి.

కరెంటు లీకై ఇనుము తినేస్తోందని, ఫ్యాక్టరీ పెయింటే నాసిరకమని కొందరంటారు. అలా జరగదని కాదు, చాలా అరుదు. అడుగు కడిగి, ఎర్త్ విప్పి, వాల్వ్ నొక్కి చూశాక కూడా తుప్పు ఆగకపోతే అప్పుడు చూద్దాం.