పెదవి ఎత్తి చూడండి: పిల్లల పళ్ళు పుచ్చకముందే కనిపించే గుర్తులు

"పాలపళ్ళే కదేటి, ఎలాగూ ఊడిపోతాయి" అని మా అత్తమ్మ అంటే నేనూ తలూపాను. అప్పటికి మా పెద్దమ్మాయికి రెండేళ్ళు. నాలుగో ఏడు వచ్చేసరికి పై ముందరి పళ్ళు నాలుగూ విరిగి మొదళ్ళు మిగిలాయి. తరవాత నేను విశాఖపట్నం మద్దిలపాలెంలో ఒక పిల్లల పళ్ళ డాక్టరమ్మ దగ్గర సహాయకురాలిగా చేరాను. రోజూ ఆ కుర్చీ పక్కన నిలబడ్డాక తెలిసింది, నల్ల గుంత పడేది ఆఖర్న అని. అంతకు నెలల ముందే నోట్లో గుర్తులు కనిపిస్తాయి. నాకు చూడడం తెలియలేదు, అంతే.

చూడడం ఇలా. నెలకోసారి, పొద్దున్న బాల్కనీలోకి ఎండ పడుతున్నప్పుడు కింద కూర్చుని బిడ్డ తల ఒళ్ళో పెట్టుకోండి. బొటనవేలితో పై పెదవిని మెల్లగా ముక్కు వైపు ఎత్తండి. పొడి నూలుగుడ్డతో పళ్ళు తుడిచి అప్పుడు చూడండి. తడి పంటి మీద అసలు గుర్తు దాక్కుంటుంది.

చిగురును ఆనుకుని సున్నం గీసినట్టు తెల్ల గీత

అన్నిటికంటే ముందు వచ్చేదీ, అందరం వదిలేసేదీ ఇదే. పన్ను నిగనిగ పోయి, చిగురు పక్కన సుద్దముక్కతో గీసినట్టు పాలిపోయి ఉంటుంది. నొప్పి ఉండదు. "పళ్ళు తెల్లగా ఉన్నాయి" అని మురిసిపోయిన తల్లులను చూశాను.

కారణం: పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాన్ని లాగేస్తుంది. పాలపంటి ఎనామిల్ శాశ్వత దంతంలో దాదాపు సగం మందమే, అందుకే గుంత తొందరగా పడుతుంది. పై ముందరి పళ్ళకు గీతలుండి కింది ముందరి పళ్ళు శుభ్రంగా ఉంటే రాత్రి పాలసీసానే అనుమానించండి. కింది పళ్ళను నాలుక, లాలాజలం కాపాడతాయి, పైవాటికి ఆ అండ లేదు. పైగా నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది.

ఏం చేయాలి: ఈ దశలో పన్ను మళ్ళీ కోలుకుంటుంది, డ్రిల్లింగ్ అక్కర్లేదు. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు మాన్పించండి. ఏడాది నిండాక మెల్లగా గ్లాసుకు మార్చండి. తల్లిపాలు మాన్పించొద్దు, తాగాక తడిగుడ్డతో పళ్ళు తుడిస్తే చాలు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి: మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, తరవాత బఠాణీ గింజంత. ట్యూబు వెనక 1000 పీపీఎం అని ఉందేమో చూసి కొనండి. పిల్లల బొమ్మలున్న పేస్టులు కొన్నిటిలో ఫ్లోరైడే ఉండదు. డాక్టరు దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ పూయించండి. రెండు మూడు నిమిషాల పని, మూడు నుంచి ఆరు నెలలకోసారి.

ఇక్కడ బెల్లం గురించి చెప్పాలి. మనది అనకాపల్లి బెల్లం తినే ఊరు. "పంచదార వెయ్యమండీ, పాలలో బెల్లమే" అని గర్వంగా చెప్తారు. సూక్ష్మజీవులకు రెండూ ఒకటే. మార్గశిరంలో బురుజుపేట అమ్మవారి దర్శనానికి వెళ్ళి జీళ్ళు కొనిపెట్టామా, పొట్లం చేతికిచ్చి రోజంతా చప్పరించనివ్వకండి. తిన్న ప్రతిసారీ అరగంట పాటు పంటి మీద ఆమ్లం ఉంటుంది. అన్నం తిన్న వెంటనే ఒకేసారి పెట్టేసి, నీళ్ళు తాగించండి.

ఈ గీతలు ఫ్లోరైడ్ మచ్చలేమోనని కొందరు అడుగుతారు. ఆ మచ్చలు ఎక్కువగా శాశ్వత దంతాలకు, రెండు వైపులా ఒకేలా, పంటి అంతటా పాకినట్టు వస్తాయి. నల్గొండ, కనిగిరి వైపు బోరునీళ్ళలో అది సమస్య. మన నగరానికి వచ్చేది మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి జలాశయాల నీరు. పాలపంటి చిగురు పక్కన గీత కనిపిస్తే ముందు పుచ్చునే అనుమానించండి.

ముందరి పళ్ళ మీద గోకితే వచ్చే పాచి

ఏడాదిన్నర బిడ్డ పై పళ్ళ మీద పాచి కంటికి కనిపిస్తోందంటే, ముందు ముందు పుచ్చు వచ్చే అవకాశం ఎక్కువ. కారణం ఒక్కటే, ఎవరూ తోమడం లేదు. ఏడెనిమిదేళ్ళ దాకా పెద్దవాళ్ళే తోమాలి. తల్లి నోట్లో పుచ్చు పళ్ళుంటే ఆవిడా వైద్యం చేయించుకోవాలి, ఎందుకంటే తన చెంచాతో తినిపించినప్పుడు ఆ సూక్ష్మజీవులు బిడ్డకు అంటుతాయి.

దవడ పంటి మీద పసుపు, గోధుమ మచ్చలు

పన్ను వచ్చేటప్పుడే మచ్చతో వస్తే అది ఎనామిల్ సరిగా గట్టిపడకపోవడం. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఎనామిల్ లోపాలు ఎక్కువ. అలాంటి పన్ను పెళుసుగా ఉండి తొందరగా పుచ్చుతుంది. చల్లనీళ్ళకు జివ్వుమంటుందని బిడ్డ ఆ వైపు బ్రష్ పెట్టనివ్వదు, అల్లరి అనుకుని కొట్టకండి. పాల దవడ పళ్ళలో చివరిదానికి ఇలాంటి మచ్చ ఉంటే, ఆరేళ్ళకు వచ్చే శాశ్వత దవడ పంటికీ వచ్చే అవకాశం పెరుగుతుంది. ముందే డాక్టరుకు చూపించి పెట్టుకోండి. వార్నిష్, పూత, మరీ పెళుసైతే స్టీలు తొడుగు వేస్తారు.

లోతు గాడులు, ఇరుకు పళ్ళు

పాలపళ్ళ మధ్య సందులుంటే దిగులు పడకండి, అవి మంచివే. సందు లేకుండా బిగుసుకున్న చోట బ్రష్ దూరదు, అక్కడ పళ్ళ సందులకు వాడే దారంతో (ఫ్లాస్) శుభ్రం చేయాలి. దవడ పంటి గాడులు బ్రష్ వెంట్రుక కూడా పట్టనంత సన్నగా ఉంటాయి. ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ళ వెనక కొత్త దవడ పన్ను వస్తుంది. అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పూర్తిగా బయటికి రాగానే ఆ గాడులను మూసే సీలెంట్ అనే పూత వేయించండి.

నోరు తెరిచి నిద్ర, పొడిబారిన పెదాలు, గురక

ముక్కు వెనక ఉండే అడినాయిడ్ గ్రంథులు వాచి ఉండొచ్చు. నోటితో గాలి పీల్చే పిల్లలకు లాలాజలం ఆరిపోతుంది. ముందు చెవి-ముక్కు-గొంతు డాక్టరును కలవండి.

నల్ల గీతలు

నలుపంతా పుచ్చు కాదు. ఐరన్ సిరప్ తాగే పిల్లల పళ్ళు పైపైన నల్లబడతాయి, డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. నల్లగా, గుంతగా ఉంటే మాత్రం పుచ్చే. చిన్న పిల్లల్లో దాన్ని ఆపడానికి ఎస్‌డీఎఫ్ అనే వెండి మందు పూస్తారు. నొప్పి ఉండదు, పుచ్చిన చోటు మాత్రం శాశ్వతంగా నల్లబడుతుంది. ముందరి పళ్ళయితే ఆ సంగతి అడిగి ఒప్పుకోండి.

చిగురు మీద పొక్కు, బుగ్గ వాపు

పంటి లోపలి నరం చచ్చిపోయి చీము పట్టింది. పొక్కు పగిలి నొప్పి తగ్గినా తగ్గినట్టు కాదు. దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్ళు జరిగి కొత్త పంటికి చోటుండదు. రుషికొండలోని గీతం, సంగివలసలోని అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీల్లో పిల్లల దంత విభాగాలున్నాయి. అదే జ్వరంతో పాటు వాపు కంటి దాకా పాకినా, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి.