ఎరి పట్టు కొనేముందు ఒక్క పోగు లాగి చూడండి

పోయినేడు హన్మకొండలో చేనేత మేళాకు పోయి, ‘అహింసా పట్టు’ అన్న బోర్డు చూసి, పురుగును చంపకుండా తీసిన ఎరి పట్టే అనుకుని ఒక శాలువా తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అంచు పోగు ఒకటి కాలిస్తే ప్లాస్టిక్ వాసన, చివర నల్లటి గట్టి ఉండ! పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన రావాలి, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోవాలి.

పట్టే అని తేలితే వెలుతురుకు ఎత్తి నేత చూడండి. మేఘాలయ, అస్సాం కొండల్లో ఆడవాళ్లు వడికి నేసే ఎరి పట్టు ఆముదం ఆకు తినే పురుగుది. దాని గూడు ఒక కొన తెరిచే ఉంటుంది, రెక్కలొచ్చాక పురుగు అటునుంచే బయటపడుతుంది. గూడులో ఒకే పొడవైన దారం ఉండదు కాబట్టి మల్బరీ పట్టులా దారం తీయడం కుదరదు, పత్తిలా తకిలీ మీద వడకాల్సిందే. అందుకే పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. మెరుపు తక్కువ, పట్టుకుంటే ఉన్నిలా వెచ్చగా ఉంటుంది. అద్దంలా మెరిసి జారిపోతుంటే అనుమానించండి.

ఇంకో మాట. అక్కడ చాలా ఇళ్లలో గూడులోని పురుగును వండుకు తింటారు. కాబట్టి ‘ఎరి’ అంటే చాలదు, పురుగు ఎగిరిపోయాకే గూళ్లు వడికారా అని అడగండి. మన తెలంగాణలోని మహదేవపూర్ దసలి (టసర్) పట్టు కొన్నా ఇదే ప్రశ్న వేయండి. దసలి గూళ్లను మామూలుగా పురుగుతోనే ఉడకబెడతారు.

ఉతకడానికి కుంకుడు రసం చాలు, సోడా వద్దు. పిండకుండా నీడన ఆరేయండి.