జర్మనీలో పొరుగింటి క్రిస్మస్‌కు వెళ్లే ముందు

జర్మనీలో అసలు పండుగ డిసెంబరు 24 సాయంత్రమే. మన ఊళ్లో మాదిరి 25న తీరిగ్గా వెళ్దామనుకుంటే సందడి సగం అయిపోతుంది. పిలిచినవారిని రోజు, గంట అడిగి రాసుకోండి.

• కొనాల్సినవి 23లోపే కొనేయండి. 24న చాలా దుకాణాలు మధ్యాహ్నం రెండు గంటలకల్లా మూసేస్తారు. 25, 26 సెలవులు. పాల ప్యాకెట్టుకు కూడా అగచాట్లే.

• మీరు తీసుకెళ్లే పిండివంట: జీడిపప్పు, పల్లీలు, నువ్వులు పడనివారికి ప్రాణం మీదికి వస్తుంది. ఎలర్జీ సంగతి ముందే కనుక్కోండి. దేనితో చేశారో జర్మన్‌లో చీటీ రాసి డబ్బాకు అతికించండి. అరిసెల మీద నువ్వులుంటాయన్నది మనకు గుర్తుకే రాదు. ఇక కారం సగానికి తగ్గించి, ఆపైన మరికాస్త తగ్గించండి.

• 24 రాత్రి చాలా ఇళ్లలో బంగాళాదుంపల సలాడ్, సాసేజ్‌లే భోజనం. సాసేజ్ అంటే తరచూ పంది మాంసమే. సలాడ్‌లోనూ మాంసం ముక్కలు ఉండవచ్చు. శాకాహారులైతే వారం ముందే చెప్పండి, పళ్లెం ముందు కూర్చున్నాక కాదు.

• గ్లూవైన్ అంటే వేడి వైన్. పిల్లలకు మద్యం కలవని కిండర్‌పున్ష్ అడగండి. ష్టోలెన్ కేకులో ఎండుద్రాక్ష రమ్ములో నానినదై ఉండవచ్చు.

• కొన్ని ఇళ్లలో చెట్టుకు నిజమైన కొవ్వొత్తులే వెలిగిస్తారు. పట్టుచీర కొంగు, పిల్లల చేతులు జాగ్రత్త.

• చెప్పిన సమయానికే వెళ్లండి. పావుగంట ఆలస్యమైనా ఫోను చేయండి. చెప్పులు గుమ్మం దగ్గర విప్పడం మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. మేజోళ్లకు చిల్లులున్నాయేమో మాత్రం ఇంట్లోనే చూసుకోండి.