తాగుడు వల్ల కళాకారునికి నిజం పట్టు తప్పుతున్నప్పుడు ఇంటివాళ్లు చేయవలసినవి

పాట కట్టేవారిని, ఒగ్గు కథ చెప్పేవారిని, భాగోతంలో వేషం కట్టేవారిని తాగుడు పట్టుకున్నప్పుడు, వారి మాటల్లో ఏది కల్పన, ఏది భ్రమ అని తేల్చుకోవడం ఇంటివాళ్లకు కష్టమవుతుంది. గోడ అవతలి నుంచి ఎవరో పిలుస్తున్నారని మామూలు మనిషి అంటే ఉలిక్కిపడతాం; అదే మాట కవి అంటే కవిత్వమనుకొని ఊరుకుంటాం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కళాకారునికి మనమిచ్చే ఈ చనువే అతని చికిత్సను వెనక్కి నెడుతుందని నా అభిప్రాయం.

మొదట చూడవలసింది, అతను చెప్పే సంగతిని మార్చగలుగుతున్నాడా అన్నది. కల్పించినవాడికి తాను కల్పించానని తెలుసు. “ఆ పిలిచింది అవ్వ గాకుండ మేనమామ అయితే కథ ఎట్లుంటదన్నా?” అని అడిగితే అతను ఆలోచిస్తాడు, లేదా అట్లా కుదరదని వాదిస్తాడు. భ్రమలో ఉన్నవాడు అడిగినవారినే అనుమానిస్తాడు. ఇది రోగ నిర్ధారణ కాదు గానీ, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి తగిన కారణమే. ఏళ్లుగా తాగేవారిలో భార్య మీద అనుమానం, మేళంలోని వారు తన బాణీలు దొంగిలిస్తున్నారనే పగ గట్టిపడితే, దానికి బెదిరింపులు తోడైతే, నచ్చజెప్పే ప్రయత్నానికన్నా ముందు భార్యాపిల్లలు వేరే ఇంట్లో ఉండే ఏర్పాటు చేయాలి. గంజాయి అలవాటు కూడా ఉంటే, అది మానేసిన తరువాత కూడా ఈ అనుమానాలు కొంతకాలం నిలిచి ఉండవచ్చు.

తాగితేనే పాట వస్తుందన్న నమ్మకం కూడా నిజం తారుమారు కావడమే, అయితే దీన్ని మేళమంతా కలిసి పోషిస్తుంది. మత్తు మొదట మందగింపజేసేది తప్పు పట్టే తెలివిని. అందువల్ల వచ్చిన ప్రతి చరణమూ అద్భుతంగా వినిపిస్తుంది. అలవాటు ముదిరినవారికి మందు పడని పూట చేతులు వణుకుతాయి, మనసు కుదురుగా ఉండదు. ఒక క్వార్టర్ పడగానే ఆ వణుకు తగ్గి పని సాగుతుంది. తాగుడు తెచ్చిన బాధకు తాగుడే ఇచ్చిన ఉపశమనాన్ని అతను ప్రతిభ అనుకుంటాడు. దీన్ని వాదనతో తీర్చలేం. ఫోనులో రికార్డు చేసిన పాటలకు తేదీ, సమయం ఉంటాయి కనుక, అతను తెరిపిగా ఉన్న ఒక ఉదయం, పక్కన ఎవరూ లేనప్పుడు, రాత్రి మత్తులో పాడినవీ తాగకముందు పాడినవీ కలిపి వినిపించి, ఏవి ఉంచుకోవాలో అతన్నే ఎంచుకోనివ్వండి. తేదీలు మాత్రం తరువాతే చూపండి.

జరగని సంగతులను జరిగినట్టు చెప్పడం మరో లక్షణం. దీర్ఘకాలం తాగి సరిగా తినని వారిలో థయామిన్, అంటే విటమిన్ బి1, లోపించి జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. ఆ ఖాళీలను మెదడు తనకు తెలియకుండానే కథలతో నింపుతుంది. కథలు చెప్పడమే వృత్తి అయినవాడి విషయంలో ఇది ఎవరికీ పట్టుబడదు. అబద్ధమని తిట్టవద్దు. దానితోపాటు నడక తూలడం, చూపు చెదరడం, అయోమయం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊళ్లో గ్లూకోజు ఎక్కించి పంపడం చాలదు. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడుకు హాని పెరిగే ప్రమాదముంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒక్కసారిగా మాన్పించడం. మన ప్రాంతంలో కల్లు కాంపౌండుకు పోయేవారు కల్లే తాగుతున్నారని అనుకోవడానికి లేదు; అందులో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుపుతారన్నది దాడుల్లో అనేకసార్లు బయటపడింది. 2015లో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో అలవాటు పడినవారు వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రుల పాలయ్యారు. సారా, బ్రాందీ మానినా మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి జ్వరం, చెమట, విపరీతమైన వణుకుతో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. ఆ స్థితిలో లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నట్టు అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లను కూడా అతను గుర్తుపట్టడు. చికిత్స లేకుంటే ప్రాణం పోవచ్చు కనుక 108కి ఫోన్ చేయాలి. ఏమేం తాగుతున్నాడో, ఏ గోలీలు మింగుతున్నాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.

భ్రమలో ఉన్న మనిషితో “అక్కడేం లేదు, నీకు పిచ్చి లేసింది” అనకూడదు. అవునవును నాకూ కనిపిస్తున్నదని తలూపకూడదు. “నీకు ఇనవడుతున్నదన్నా, నాకైతే ఇనవడ్తలేదు. భయం గాకు, నేనున్న” అన్నది ఈ రెంటికీ మధ్య నిలిచే మాట. గదిలో దీపం వేసి ఉంచాలి, గొడ్డలి, కత్తి వంటివి తీసేయాలి, దగ్గర ఒకరిద్దరికి మించి ఉండకూడదు.

అన్నంలోనో చాయ్‌లోనో తాగుడు మాన్పించే మందు రహస్యంగా కలిపే ఇళ్లు చాలా ఉన్నాయి. డైసల్ఫిరామ్ వంటి మందు పడిన మనిషి తెలియక తాగితే ప్రాణాపాయం. పైగా ఇంట్లోవాళ్లు తనకు ఏదో పెడుతున్నారని అనుమానించే వ్యక్తికి ఆ అనుమానాన్ని మనమే నిజం చేసినవాళ్లమవుతాం. ఆ తరువాత అతను మన చేతి ముద్ద ముట్టడు.

సలహా కోసం టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416, మత్తు విముక్తికి 14446 ఉచిత నంబర్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగంలో అడగవచ్చు. పరిస్థితి తీవ్రమైతే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది, గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ప్రైవేటు కేంద్రమేదైనా రోగిని కట్టేస్తామంటే అక్కడ చేర్చకండి.

ఆసుపత్రి నుంచి వచ్చిన తరువాత అసలు పరీక్ష జాతరల కాలంలో వస్తుంది. కురుమూర్తి జాతరకో, పెద్దగట్టు జాతరకో ఆట కుదిర్చేవారు కూలిలో కొంత సీసాల రూపంలో ఇవ్వడం మర్యాద అనుకుంటారు. మేళం పెద్దతో ముందే మాట్లాడి, ఇచ్చేదంతా డబ్బుగానే ఇవ్వాలని, అది అతని భార్య ఖాతాలో వేస్తే మేలని, తెల్లవార్లు సాగే ఆటలకు మొదటి కొన్ని నెలలు పిలవవద్దని అడగాలి. నిద్ర లేని రాత్రులు పాత భ్రమలను తిరగదోడతాయి. పాట మాత్రం ఆపించకండి. పగటి పూట, తోటి గాయకుడు పక్కన ఉండగా, కొత్త బాణీలు కట్టనివ్వండి.