తరతరాల వెట్టిని నవలగా రాయడం – 3వ పాఠం: ముందు పద్దు, తర్వాతే కథ

పోయిన పాఠంలో వంశవృక్షం వేసుకున్నారు: పలమనేరు పక్క పల్లెలో జీతానికున్న తాత, పదేళ్లకే అదే కొట్టంలో చేరిన కొడుకు, తిరుపతిలో లాడ్జి కౌంటర్లో కూర్చునే మనవరాలు. ఇక మొదటి అధ్యాయం రాసేద్దామని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. కొరడా దెబ్బలతో మొదలయ్యే రాతప్రతులు చాలావరకు సగంలోనే చతికిలబడతాయి. దెబ్బ ఒంటి మీదే ఆగిపోతుంది, అప్పు మాత్రం కొడుక్కి వస్తుంది. కాబట్టి ముందు అప్పు లెక్క తేల్చాలి.

ఒక నోటుబుక్కులో ఏడాదికో పేజీ పెట్టుకోండి. 1962 ఉగాదికి తాత ప్రోనోటు రాసి 300 రూపాయలు తీసుకున్నాడనుకుందాం (అంకెలు కసరత్తుకు వేసినవే). మూడు రూపాయల వడ్డీ, అంటే నూటికి నెలకు మూడు. ఏడాదికి 108. జీతం ఏడాదికి 120. పైకి చూస్తే 12 రూపాయలు అసలులో పోవాలి, అప్పు ఎప్పటికైనా తీరాలి. ఇప్పుడు కోతలు రాయండి. కామెర్లొచ్చి పదిహేను రోజులు పనికి రాలేదు: 5. పండక్కి పంచె: 8. గానుగ దగ్గర ఎద్దు కాలు విరిగింది, తప్పు వీడిదే అన్నారు: 10. మిగిలిన జీతం 97. వడ్డీకే 11 తక్కువ. మరుసటి ఉగాదికి అప్పు 311. మరో రెండేళ్లకు కూతురి పెళ్లికని ఇంకో 200 తెస్తే ఒక్క వడ్డీయే ఏడాదికి 180 దాటుతుంది, జీతం 120 దగ్గరే ఉంటుంది. కొడుకును కొట్టంలోకి మీరు తేనక్కర్లేదు, లెక్కే తెచ్చి పడేస్తుంది.

ఈ కోతల్లో సన్నివేశాలున్నాయి. ఎద్దు పద్దునే తీసుకోండి. కాలు విరిగినప్పుడు చూసిందెవరు? ఆ మాట ఆసామి చెవిన వేసిందెవరు? పది రూపాయలని ఖరీదు కట్టిందెవరు? తాతకు చదువు రాదు కాబట్టి పుస్తకంలో ఏం రాశారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఉగాది నాడు చదివి వినిపించిందే లెక్క. మీసం మెలేసే ఆసామి మాత్రం వద్దు. పంచె నవ్వుతూ చేతిలో పెట్టి, సాయంత్రం దాన్ని పద్దులో ఎక్కించుకునేవాడు చాలు.

తారీఖుల దగ్గర జారిపోకండి. 1957 ఏప్రిల్‌కు ముందు నయాపైసలు లేవు, అణాలే. 1953 అక్టోబరు దాకా చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. తిరుపతి జిల్లా 2022లో వచ్చింది. అన్నిటికన్నా పెద్ద తప్పు 1976 దగ్గర జరుగుతుంది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. వెట్టి బాకీ చెల్లదన్నారు, వెట్టి చేయిస్తే 3 ఏళ్ల దాకా జైలు, 2,000 దాకా జరిమానా అన్నారు. వెంటనే మన రచయితలు ఊరంతా డప్పులు కొట్టించేస్తారు. మీ ఇంటికి ఆ కబురు ఏ ఏడాది, ఎవరి నోట చేరిందో తేల్చుకోండి. ప్రోనోటు చించేశారా, వెనక్కిచ్చారా, ఆసామి బీరువాలోనే ఉండిపోయిందా? మూడో జవాబే నవలకు పనికొస్తుంది.

వంశవృక్షంలో ఒక కొమ్మను సముద్రం దాటిస్తారా? 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలీలు వెళ్లారు. చిత్తూరు, చంద్రగిరి అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. ఓడ పట్టీల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, తాలూకా, ఊరు రాసేవారు. అది అయిదేళ్ల ఒప్పంద కూలీ, బానిసత్వంతో కలిపేయకండి. కానీ గడువు తీరాక అక్కడే ఉండిపోతే ఏటా 3 పౌన్ల పన్ను వేసే చట్టం 1895లో వచ్చింది. తర్వాత దాన్ని వాళ్ల పిల్లల మీదికీ పొడిగించారు: మగపిల్లలకు 16 నుంచి, ఆడపిల్లలకు 13 నుంచి. రద్దయింది 1914లో. ఆ పన్నునూ మీ పద్దుల పుస్తకంలో ఎక్కించండి.

ఇక మూడో తరం. మనవరాలు ఈఎంఐ మీద ఫోన్ కొంది. నాయన తిప్పి తిప్పి చూసి, “నోటు ఎవురి దగ్గరుండాది పాపా?” అన్నాడు.

“నోటేం లేదు నాయనా, నెలనెలా బ్యాంకులోనే పట్టుకుంటారు.”

ఆయన ఫోన్ మంచం మీద పెట్టేసి మళ్లీ ముట్టుకోలేదు. అక్కడితో ఆపేయాలి. ‘తరాల గాయం’ అని ఒక్క ముక్క చేర్చినా సన్నివేశం పోయినట్టే. ఆమెకు ప్రోనోటు సంగతి తెలియకపోతే ఇంకా మంచిది. పాఠకుడికి మాత్రం అంతకుముందే తెలిసి ఉండాలి, లేకపోతే ఆ ప్రశ్న ముసలాయన చాదస్తంలా చదువుకుపోతుంది. కనీసం రెండు అధ్యాయాల ముందే ప్రోనోటును ఒకసారి చూపించండి, వేలిముద్ర సిరాతో సహా.

వచ్చే పాఠానికి 1962 నుంచి 1966 దాకా అయిదు పేజీల పద్దు, ఏటా కనీసం మూడు కోతలు, వాటిలో ఒక్కదాని మీద ఒక పేజీ సన్నివేశం. ఆ పేజీలో అప్పు, వడ్డీ అన్న మాటలు రాకూడదు.